ఇనుముకు పోసిన ఉద్ధరిణెడు నీళ్ళు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చప్పుడుకు నా మాట మీ చెవిన పడదు. ఇది కర్నూలు ఊరి బయట ఒక కాలేజీలో, రాళ్ళ చదువు చెప్పే చోట జరిగిన సంగతి. మధ్యలో ఆపి ఎవరిది తప్పని నన్ను అడగొద్దు. చెప్పడం అయిపోయినాక మీరే తేల్చుకోండి, తేలితే.

ఆ శుక్రవారం పొద్దున పదిన్నరకు నాగక్క కొలిమి తలుపు తీసింది. అక్కడ అందరూ దాన్ని ఫర్నేసు అంటారు. డోన్ పక్కన కమ్మరి ఇంట్లో పుట్టిన మనిషికి నిప్పున్నదల్లా కొలిమే గదా, ఆమె నోట ఇంకో పేరు రాదు. పేరుకు ఆమె ఏజెన్సీ కింద పనిచేసే అటెండరు. ఊడ్వడం, తుడవడం, ఫైళ్ళు మోయడం ఆమె పని. అయితే పదకొండేళ్ళుగా ఆ గదిలో మెసలి మెసలి, ఏ గాజు ఎంత వేడికి ఆగుతుందో, ఏ సీసా మూత ఎంత బిగించాలో ఆమె చేతికి తెలిసిపోయింది.

పట్టుకారుతో లోపలినుంచి ఒక గాజు గొట్టం తీసింది. చూపుడువేలంత ఉంటుంది, రెండు కొసలూ మూసి ఉంటాయి. మూడు రోజులు తొమ్మిదివందల చిల్లర డిగ్రీల వేడిలో ఉండి వచ్చిన గొట్టం. దాన్ని ఇటుక మీద పెట్టి చల్లారేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఆ రెండో మనిషి శివలీల. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి, ఆ రాయి మీదే పరిశోధన చేస్తోంది.

"ఎట్లుంది అక్కా?" అంది శివలీల. తాను వంగి చూడలేదు.

నాగక్క కళ్ళజోడు సర్దుకుంది. "గాజులోంచి ఏం తెలుస్తాది పాపా. పగలగొట్టు."

గొట్టాన్ని పాతగుడ్డలో చుట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసింది పిల్ల. గుడ్డ విప్పితే గాజు ముక్కల నడుమ శనగబిళ్ళంత ఉండ. నల్లగా, అంచుల్లో ఎర్రగా. శివలీల జేబులోంచి అయస్కాంతం తీసి దగ్గర పెట్టింది. ఉండ ఎగిరి దానికి అతుక్కుంది.

రావలసింది ఆకుపచ్చ రాయి. అది అయస్కాంతానికి అంటకూడదు. ఇది మూడోసారి. మొదటిసారి గొట్టం కొలిమిలోనే ఢామ్మని పేలింది. రెండోసారి నలుపు. ఇప్పుడు మళ్ళీ నలుపు.

ఆ రాయి సంగతి శివలీల నాగక్కకు ఎప్పుడో విడమరిచి చెప్పింది. పలుగురాయి పొడి, ఎర్రటి ఇనుప బూడిద, ఉత్త ఇనుపపొడి, ఈ మూడూ లెక్కగా తూచి, నూరి, బిళ్ళచేసి, గాలి లేని గొట్టంలో మూసి కాల్చాలి. "ఎర్రపొడి దగ్గర గాలి ఎక్కువ పట్టుకోని ఉంటాది అక్కా. ఉత్త ఇనుము దగ్గర ఏమీ ఉండదు. రెండూ పక్కపక్కన కాలితే, ఇది దాని దగ్గర కొంచెం తీసుకుంటాది. ఇద్దరికీ సరిసమానం అయినాక పలుగురాయి వాళ్ళను కలుపుకుంటాది. అప్పుడు పచ్చరాయి. ఉత్త ఇనుము సరిగ్గా లేకపోతే ఎర్రపొడి పట్టు వదలదు, ఎంత కాల్చినా నలుపే." ఇంకో మాట కూడా చెప్పింది. పాతకాలంలో ఇనుము కరిగించిన చోట పడేసిన చిట్టెంలో ఉండేది కూడా ఆ రాయేనట. అది విని నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఊరి దిబ్బన బండ్లకొద్దీ పడుందే! మా తాతలు పారేసినదాన్ని మీరు ఇన్నాళ్ళ నుంచి చేయలేక చస్తాండారా?"

ఈ శుక్రవారం ఆ పరిహాసం గుర్తుకొచ్చినా నవ్వు రాలేదు.

మహానంది సార్ వచ్చాడు. ఆ విభాగానికి పెద్ద. చెడ్డమనిషని అనలేము. నాగక్క కాలికి ముల్లు దిగితే తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషే. ఉండను చూశాడు, అయస్కాంతాన్ని చూశాడు, పిల్ల చేతులు చూశాడు.

"తూకం ఎవరు వేసినారు?"

"నేనే సార్."

"నూరింది?"

"నేనే సార్. గంటన్నర నూరినా."

"అయితే తూకంలోనే పోయింది. రెసిపీ ప్రపంచమంతా ఒకటే. వాళ్ళకు వచ్చి మనకు రాలేదంటే చెయ్యి మంచిది కాదని అర్థం." పక్క బల్ల దగ్గర కూర్చున్న ప్రవీణ్ అనే ఇంకో పిల్లవాడు, అతనూ పరిశోధన విద్యార్థే, కంప్యూటరులోంచి తల ఎత్తలేదు. "నెలాఖరుకు నేను పైకి రిపోర్టు పంపాల. మూడు నమూనాలు ఎందుకు పోయినాయని అడుగుతారు. కాగితం తీసుకో."

శివలీల నిలబడే రాసింది. సార్ చెబుతూ పోయాడు. తూకంలో నా అజాగ్రత్త వలన మూడు నమూనాలు చెడిపోయినవి. మరొక్క అవకాశం ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. అదీ విఫలమైతే ఈ పని నుంచి తప్పుకొనుటకు అంగీకరిస్తున్నాను. పిల్ల కలం 'అజాగ్రత్త' దగ్గర ఒక క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. సంతకం పెట్టింది.

"సోమవారం నేను పక్కన నిలబడి తూయిస్తా. నాగక్కా, దీన్ని ఆఫీసులో ఫైలులో పెట్టించు."

కాగితాన్ని మోసుకుపోయింది నాగక్కే. మెట్లు దిగుతుంటే అది ఆమె చేతిలో రెపరెపలాడింది. ఆమెకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఆ ఒక్క మాట మాత్రం కూడబలుక్కోకుండానే కంటబడింది. ఆ పిల్ల ఇంటి మగ్గం మీద పడుగులో ఒక పోగు తెగితే వేలి కొసతో తడిమి పట్టుకునేది, అతుకు కనపడకుండా మెలివేసేది. తూచేటప్పుడు ఊపిరి బిగబట్టి, సన్నటి చెంచాను వేలితో తడుతూ, ఒక్కో రవ్వ రాల్చేది. ఆ చేతిని అజాగ్రత్త చెయ్యి అని రాయించారు. ఆ కాగితానికి గుమాస్తా రెండు రంధ్రాలు పొడిచి ఫైలులో కుట్టేశాడు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినాక నాగక్క బల్ల సర్దింది. కల్వం కడిగింది. సీసాలను అరలో పెడుతూ ఇనుపపొడి సీసా మూత సరిగా పడలేదని తీసి మళ్ళీ బిగించబోయింది. మూత లోపలి మరల్లో ఏదో పసుపుపచ్చగా కనిపించింది.

గోటితో గీకింది. వాసన చూసింది.

పసుపు.

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుంది. పోయిన దసరాకు, ఆయుధపూజ నాడు, ఈ సీసా కొత్తగా వచ్చి ఉంది. సీలు కూడా తీయలేదు. సార్ వాళ్ళు పైపైన యంత్రాలకు బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, బొరుగులు పంచి వెళ్ళిపోయారు. నాగక్కకు మనసొప్పలేదు. పుట్టింట్లో ఆనాడు దాగలికీ, సుత్తికీ, తిత్తికీ ఎంత మర్యాదో, ఇంకా పని మొదలుకాని కొత్త ఇనుముకూ అంతే మర్యాద. దానికి తొలి స్నానం చేయించందే నిప్పులో పెట్టరు. ఈ గదిలో ఉత్త ఇనుమంటూ ఉన్నది ఆ సీసాలోనే. సీలు చించి, కలశంలోంచి ఒకే ఒక్క ఉద్ధరిణెడు నీళ్ళు పోసింది. చిటికెడు పసుపు వేసింది. దండం పెట్టుకుని మూత బిగించింది. బాగా బిగించింది.

పుట్టింట్లో నీళ్ళు పోసిన ఇనుము మరుసటి రోజే నిప్పుల్లోకి పోయేది. సీసాలో ఆ తడి ఐదు నెలలు కూర్చుంది.

ఆమె ఒక చెంచాడు పొడి కాగితం మీద వంచింది. గోధుమ నలుపు. కొంచెం గడ్డకట్టి, చిదిపితే మెత్తగా రాలుతోంది. బొటనవేలి గోరు మీద వేసి రుద్దింది. నిజమైన ఇనుము రుద్దితే మెరుస్తుంది. ఇది గోటి మీద ఎర్రటి గీత వదిలింది.

శివలీల అన్నం డబ్బా మూత బిగించుకుంటూ లోపలికి వచ్చింది. నాగక్క కాగితాన్ని మడిచేసింది.

"పాపా, ఈ పొడి ఎప్పుడూ ఇదే రంగా?"

"నేను సంక్రాంతి తరువాత గదా అక్కా తీసింది. అప్పటి నుంచీ ఇదే. నేను ఇంతకుముందు యాడ చూసినా ఇనుపపొడిని? సీసా మీద అదే రాసుండాది. అయస్కాంతం పెట్టి కూడా చూసినా, లేస్తాంది."

కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును సుత్తితో కొడితే నల్ల పొలుసు రాలుతుంది. అదీ అయస్కాంతానికి లేస్తుంది. దాన్ని కుప్పపోసి ఎంత కొట్టినా కొడవలి కాదు. ఆ సంగతి కమ్మరి ఇంట్లో అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాగక్క నోరు తెరిచింది. ఆ నోట్లోంచి, "అన్నం తిన్నావా?" అనే మాట వచ్చింది.

"తిన్నా. ఏం తిన్నానో తెలీదు."

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. పోయిన ఏడాది ఒక ఊడ్చే ఆమె చేతిలో గాజు బుడ్డి జారి పగిలితే, మరుసటి నెల ఏజెన్సీ జాబితాలో ఆమె పేరు లేదు. నాగక్క చేతిలో పగిలింది బుడ్డి కాదు, ఒక పిల్ల చదువు. చెబితే తన కూడు పోతుంది, చెప్పకపోతే పిల్లది పోతుంది. ఎవరిదీ పోకుండా గమ్మున సరిచేసేస్తే సరిపోతుందనుకుంది ఆమె. అట్లా అనుకోవడమే ఆమె చేసిన రెండో తప్పు. అప్పటికి అది తప్పులాగా కనిపించలేదు.

శనివారం పొద్దున్నే డోన్ బస్సు ఎక్కింది. డోన్‌లో దిగి, ఆటోలో తమ్ముడు బొజ్జన్న ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కొట్టం ముందర వెల్డింగు మిషను, వెనక పాత కొలిమి. బొజ్జన్న గడ్డపారకు మొన తీస్తున్నాడు.

"ఏమక్కా, చెప్పాపెట్టకుండా వచ్చినావు? ఎవురన్నా పోయినారా ఏంది?"

"నీ నోట్లో మన్ను. నాకు ఇనుపరజను కావాల. మేలైన మెత్తటి ఇనుముది. అర అగ్గిపెట్టెడు."

బొజ్జన్న సుత్తి దించాడు. "కాలేజీలో ఇనుము కరువయిందా? పిల్లోళ్ళు తింటాండారా?"

"తినేదానికి కాదులేరా. పనుండాది."

"ఏం పని?"

"చెప్తే నీకు అర్థమయితాదా?"

"అయ్యుంటే నేనూ కాలేజీలో ఊడుస్తాంటి." నవ్వుకుంటూ లేచి మూలనున్న ఇనుప కుప్పలో వెదికాడు. కొత్త కమ్మీ తీశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. కొడవలి ముక్క తీశాడు, అదీ వద్దంది. చివరకు గోడకానించిన పాత ఎద్దులబండి చక్రపు పట్టా చూపించింది. వాళ్ళ నాయన బిగించిన పట్టా. అంత మెత్తటి ఇనుము ఇప్పుడు యాడా దొరకదు.

పట్టా కొసను గరుకురాతితో రుద్ది, తుప్పు పొర పోయి తెల్లగా మెరిసేదాకా తోమారు. బొజ్జన్న దాన్ని వైసులో బిగించి, ఇనుమును అరగదీసే కొత్త ఆకురాయి తీశాడు. నాగక్క ఆ ఆకురాయిని లాక్కుంది. "నేను చేస్తా."

మూడు గంటలు రాకింది. ముందుకు తోసేటప్పుడు బరువు, వెనక్కి లాగేటప్పుడు తేలిక. చిన్నప్పుడు నాయన నేర్పిన లయ అది, భుజం మరిచిపోలేదు. కింద పరిచిన తెల్లకాగితం మీద రజను బూడిదరంగు మంచులాగా పడింది. మధ్యలో మరదలు మజ్జిగ తెస్తే, "దూరం పో, చెమట పడుతాది, నీళ్ళు పడుతాయి," అని కసిరింది. ఆ ఒక్క రోజుకూ నీళ్ళంటే ఆమెకు పామును చూసినట్లు అయింది. తన నుదుటి చెమట కాగితం మీద పడకుండా తలకు తువ్వాలు చుట్టుకుంది. రజనును పలుచటి మల్లుగుడ్డలో జల్లించి, మెత్తటిది మాత్రం కొత్త అగ్గిపెట్టెలో పోసి, పైన ప్లాస్టిక్ కవరు రెండు చుట్లు చుట్టింది.

సంచిలో పెట్టుకోబోతుంటే బొజ్జన్న ఆపాడు. "శనివారం గదక్కా. ఇనుము చేతి నుంచి చేతికి ఇయ్యకూడదు." అగ్గిపెట్టెను తీసి నేల మీద పెట్టాడు. ఇంకో దిక్కు చూస్తూ నిలబడ్డాడు. నాగక్క వంగి నేల మీది నుంచి తీసుకుంది. అట్లా తీసుకుంటే ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్నదీ లేదు.

సోమవారం అందరికంటే ముందు గది తాళం తీసింది. సీసాలోని పాత పొడినంతా ల్యాబు వెనక కానుగచెట్టు మొదట్లో పారబోసింది. సీసాను కడిగి, వేడిపెట్టెలో ఎండబెట్టి, అది చల్లారాక బొజ్జన్న ఇంటి రజను పోసింది. సీసా అడుగున వేలెడు మందం కూడా రాలేదు. చాలు, ఒక గొట్టానికి అందులో పదోవంతు కూడా పట్టదు. మిగిలింది ఎవరికీ కనపడకుండా అగ్గిపెట్టెలోనే ఉంచి సంచిలో వేసుకుంది.

పది గంటలకు సార్ వచ్చి తూకం పెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శివలీల మొదట పలుగురాయి పొడి తూచింది. తరువాత ఎర్రపొడి తూచింది. తరువాత ఇనుపపొడి సీసా తీసుకుని మూత విప్పి, చెంచా ముంచింది.

చెంచా పైకి వచ్చింది. బూడిదరంగు రజను దాని మీద వెలుతురుకు మెరిసింది.

పిల్ల చెయ్యి ఆగిపోయింది. రంగు పోగుల మధ్య పెరిగిన పిల్ల ఆ తేడాను చూడకుండా ఎట్లా ఉంటుంది? ఆమె చెంచా వైపు చూసింది, సీసా అడుగు చూసింది. తల తిప్పకుండా, కళ్ళు మాత్రం తిప్పి, తలుపు దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడిన నాగక్కను చూసింది. నాగక్క కిటికీ తుడుస్తున్నట్లు చేయి ఆడించింది. అక్కడ కిటికీ లేదు, గోడ ఉంది.

"ఏమైంది?" అన్నాడు సార్.

"ఏమీ లేదు సార్."

"అదుగో, అక్కడే నీ మనసు చెదురుతాది. తూకం మీద ధ్యానం పెట్టు."

ఆ చెంచాను వేలితో తట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, ఒక్కో రవ్వ. అంకె నిలబడింది. సార్ వంగి చూసి తల ఊపాడు. "చూసినావా? నిదానంగా చేస్తే ఎంత కరెక్టుగా వచ్చిందో."

కల్వంలో గంటన్నర నూరింది. ఇంట్లో నూలు కండెలు చుట్టేటప్పటి మణికట్టు తిప్పుడు అది, అలుపు తెలియదు. బిళ్ళ కొట్టింది. గొట్టం ఒక కొసన బిళ్ళ, ఇంకో కొసన చిన్న ఇనుపతీగ ముక్క. లోపల గాలి ఏమన్నా మిగిలి ఉంటే బిళ్ళకంటే ముందు తాను తినేయడానికి ఆ తీగ కాపలా. పంపు గుయ్‌మంటూ గాలి లాగింది. గొట్టం మెడను మంటలో తిప్పుతూ తిప్పుతూ, గాజు తేనెలాగా అయినప్పుడు లాగి మూసేసింది. నాగక్క కొలిమి తలుపు తీసింది. గొట్టం లోపలికి పోయింది.

మూడు రోజులు ఇద్దరూ ఆ పొడి మాట ఎత్తలేదు. ఒకసారి చేతులు కడుక్కునే చోట శివలీల, "నాగక్కా," అని పిలిచింది. "ఏం పాపా?" అంటే, "సబ్బు అయిపోయింది," అంది. సబ్బు అయిపోలేదు.

గురువారం గొట్టం బయటికి వచ్చింది. ఈసారి గుడ్డ చుట్టకముందే గాజులోంచి కనబడింది. శివలీల సుత్తి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. నాగక్క, "కొట్టు పాపా," అంది.

గుడ్డలో పచ్చటి బిళ్ళ. లేత సీతాఫలం తొక్క రంగు. అయస్కాంతం దగ్గర పెట్టింది. కదల్లేదు. ఇంకా దగ్గర పెట్టింది. కదల్లేదు. పక్కన పడిన తీగ ముక్క మాత్రం చటుక్కున ఎగిరి అతుక్కుంది. కాపలా తీగ కొంచెం మసకబారి, ఇనుముగానే మిగిలింది.

శివలీల నవ్వలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి గట్టిగా ఊపిరి వదిలింది. నాగక్కకు కళ్ళు చెమ్మగిల్లాయి. అయిపోయింది, గట్టెక్కింది, ఇంక ఎవరికీ ఏమీ చెప్పే అవసరం లేదు అనుకుంది.

సార్ వచ్చాడు. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. ఆయన ముఖం వెలిగింది. ప్రవీణ్ కూడా లేచి వచ్చాడు.

"ఏమన్నా నేను? పొడులు అవే, గొట్టం అదే, ఫర్నేసు అదే. మారిందేంది? నేను నిలబడి తూయించినా. మూడుసార్లు పోయింది తూకంలోనే అని ఇప్పుడు రుజువయింది గదా?"

శివలీల గుడ్డలోని గాజు ముక్కలను డబ్బాలోకి వంపింది.

"శివలీలా, నిన్ను పొమ్మనను. రాసిచ్చినావు, నాలుగోది వచ్చింది, మాట మాటే. కానీ ఇట్లాంటివి ఇంకా నలభై చేయాల. ప్రతిసారీ నేను నీ పక్కన నిలబడలేను. తూకం, ఫర్నేసు ఇకమీద ప్రవీణ్ చూస్తాడు. ఈ రాయి పని అతని పేరు మీదికి మారుస్తా. నువ్వు కంప్యూటరులో చేసుకునేది ఏదన్నా చూసుకో. అదీ మంచి పనే. ప్రవీణ్, ఈ ఇనుపపొడి అడుగంటింది, కొత్త సీసా తెప్పించు."

నాగక్కకు అప్పుడు తెలిసొచ్చింది. కొత్త సీసా వస్తుంది. తడి తగలని, మెరిసే ఇనుముంటుంది అందులో. ప్రవీణ్ తూచిన ప్రతి గొట్టమూ పచ్చగా వస్తుంది. వచ్చిన ప్రతిదీ ఈ పిల్ల చెయ్యి మంచిది కాదని మళ్ళీ మళ్ళీ రుజువు చేస్తుంది. పాత పొడి చూపించి చెబుదామన్నా అది కానుగ మొదట్లో మట్టిలో కలిసిపోయింది.

ఆమె ముందుకు రెండడుగులు వేసింది. "సార్, ఆ ఇనుపపొడి..."

"నాగక్కా," శివలీల గొంతు కొంచెం పెద్దగా వచ్చింది. "సార్‌కు మంచినీళ్ళు తెస్తావా?"

"అది కాదు పాపా, ఆ పొడి..."

"మంచినీళ్ళు అక్కా."

సార్ అటూ ఇటూ చూశాడు. "ఏంది పొడి?"

"అడుగంటిందని ఆమె నాకు ముందే చెప్పింది సార్. నేనే మీకు చెప్పలేదు," అంది శివలీల. "మర్చిపోయినా."

"అదే నేను చెప్పేది," అన్నాడు సార్, పాపం మెత్తగానే.

నాగక్క నీళ్ళు తెచ్చింది.

సాయంత్రం కాలేజీ గేటు ముందర బస్సు కోసం ఇద్దరే నిలబడ్డారు. ఎండ ఇంకా తగ్గలేదు. శివలీల భుజాన సంచిలో ల్యాబులో పెట్టుకునే కళ్ళజోడు, కల్వం తుడిచే గుడ్డ, సొంతంగా కొనుక్కున్న సన్నటి చెంచా.

"నన్నెందుకు చెప్పనీయలేదు?" అంది నాగక్క.

"చెప్పింటే ఏమయ్యేది? ఆ ఇనుము యాడిదని అడుగుతాడు. కమ్మరి కొట్టంలోదంటే, కాగితం లేని ఇనుముతో చేసిన రాయి లెక్కలోకి రాదు, పారేస్తారు. నిన్ను ఆ పూటే పంపించేస్తారు. రాయీ పోయె, నువ్వూ పోతివి, నేను రాసిచ్చిన కాగితం ప్రకారం నేనూ పోతి. ఎవురు బాగుపడేది?" అంది. "అమ్మినోళ్ళు చెడ్డ సీసా అంటగట్టినారు, దానికి నువ్వేం చేస్తావు. నాకు మంచే చేసినావు అక్కా."

ఆ చివరి మాట నాగక్క మోయలేకపోయింది. అప్పుడు చెప్పింది. దసరా, కలశం, ఉద్ధరిణె, చిటికెడు పసుపు. శనివారం ఆకురాయి. చెప్పేటప్పుడు పిల్ల ముఖం చూడలేదు, రోడ్డుకు అవతల ఆరబోసిన మిరపకాయల వైపు చూస్తూ చెప్పింది.

శివలీల తిట్టలేదు. సంచిలోంచి ఆ సన్న చెంచా తీసి, కొసను వేలితో రెండుసార్లు తట్టింది, ఏమీ లేని చెంచాను. తిరిగి సంచిలో పెట్టేసింది. "అందుకేనా మొదటి గొట్టం పేలింది," అంది. "తుప్పులో తడి ఉంటాది. వేడికి ఆవిరయి పగలగొట్టింది. నేను ఇన్నాళ్ళూ ఎందుకా అనుకుంటాండా."

"పాపా..."

ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోయే బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. పిల్ల మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆ ఇనుము ఇంకా మిగిలుండాదా?"

"ఉండాది. అగ్గిపెట్టెలో."

"నీళ్ళు తగలనీయకు."

అంతే అంది. బస్సు వెళ్ళిపోయింది. తరువాత నెలకు ఆ పిల్ల కాలేజీకి రావడం మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. మళ్ళీ మగ్గం ఎక్కిందంటారు కొందరు. ఊరి బడిలో లెక్కలు చెబుతోందంటారు ఇంకొందరు. ప్రవీణ్ నలభై రాళ్ళూ చేశాడు, అన్నీ పచ్చగానే వచ్చాయి. మంచి పిల్లవాడే, అతనికేం తెలుసు. మరుసటి దసరాకు నాగక్క కొత్త ఇనుపపొడి సీసాకు బయట గాజు మీద మాత్రం బొట్టు పెట్టింది. మూత ముట్టుకోలేదు. అగ్గిపెట్టె ఆమె ఇంట్లో బియ్యపుడబ్బా అడుగున, పొడిగా, ఇప్పటికీ ఉంది.

ఇంక లేచి మీ పనులకు పోండి. పోయే ముందు ఒక్కటి. ఆఫీసులో రెండు రంధ్రాలు పొడిచిన కాగితం ఒకటుంది, అందులో ఆ పిల్ల చెయ్యి అజాగ్రత్త చెయ్యి అని ఆమె చేతిరాతతోనే ఉంది. నేను చెప్పిన సంగతికి యాడా కాగితం లేదు. ఆ పచ్చరాయిని ఎన్నిసార్లు పగలగొట్టి చూసినా లోపల ఏ ఇనుముందో, ఎవరు రాకి తెచ్చిందో కనపడదు. కాబట్టి మీరే గుర్తుపెట్టుకోండి నాయనా. తల్లీ, నువ్వు కూడా. ఆ పిల్ల చెయ్యి మంచిదని, ఒక్క రవ్వ కూడా తప్పు తూచలేదని, ఎమ్మిగనూరు వైపు పోయినప్పుడు ఎవరికో ఒకరికి చెప్పండి.